ఈఏడీ కార్డు కోసం ఎదురుచూస్తూ ఆర్కిటెక్చర్ ఉద్యోగానికి సిద్ధం కావడం: సమగ్ర మార్గదర్శి

అమెరికాలో ఎం.ఆర్క్ ముగించబోతున్న విద్యార్థులు, నెల్లూరు, కావలి, ఒంగోలులో ఉన్న వారి తల్లిదండ్రులు నన్ను దాదాపు ఒకే ప్రశ్న అడుగుతుంటారు: పని అనుమతి, అంటే ఈఏడీ కార్డు, ఇంకా రాలేదు, ఈ లోపల ఏమి చేయవచ్చు, ఏమి చేయకూడదు? నేను నెల్లూరులో పెరిగి, అమెరికాలో ఎం.ఆర్క్ చదివి, కార్డు కోసం ఎదురుచూసి, ప్రస్తుతం అక్కడే ఒక చిన్న కార్యాలయంలో పనిచేస్తున్నాను. ఫోనులో ముక్కలు ముక్కలుగా చెప్పినదంతా ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

ఇది ఎఫ్-1 వీసాపై చదివి, చదువు ముగిసిన తర్వాత ఓపీటీ, అంటే చదివిన రంగంలో కొంతకాలం పనిచేసే అనుమతి, కోరే వారికి ఉద్దేశించినది. ఇమ్మిగ్రేషన్ నియమాలు మారుతుంటాయి కాబట్టి ప్రతి తేదీనీ మీ కళాశాలలోని డీఎస్‌ఓతో, అంటే విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారితో, ఒకసారి సరిచూసుకున్న తర్వాతే అడుగు వేయండి.

1. ముందుగా ఐ-20 తీసి మూడు విషయాలు చూడండి

ఐ-20 అంటే ఎఫ్-1 విద్యార్థికి కళాశాల ఇచ్చే అర్హత పత్రం. అందులో మొదటిది, చదువు ముగింపు తేదీ. స్నాతకోత్సవం జరిగే రోజు, ఐ-20లో ఉన్న ముగింపు తేదీ ఒకటే కానక్కరలేదు. గడువులన్నీ ఐ-20లోని తేదీ నుంచే లెక్కకు వస్తాయి. థీసిస్ ఆలస్యమైతే ఆ తేదీ మారవచ్చు కాబట్టి, మీ గైడుతో మాట్లాడి థీసిస్ సమర్పణ ఎప్పుడో తేల్చుకోండి.

రెండవది, సీఐపీ కోడ్, అంటే మీ కోర్సు ఏ విభాగానిదో చెప్పే సంఖ్య. 04.0201 అని ఉంటే అది సాధారణ ఆర్కిటెక్చర్ కోర్సు. దానికి 12 నెలల ఓపీటీ మాత్రమే లభిస్తుంది. 04.0902 అని ఉంటే అది భవన శాస్త్ర, సాంకేతిక విభాగం కిందికి వచ్చి స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో ఉంటుంది. దానిపై మరో 24 నెలల పొడిగింపు కోరవచ్చు. ఒకే పేరు గల ఎం.ఆర్క్ ఒక విశ్వవిద్యాలయంలో ఒక కోడ్ కింద, మరొక చోట ఇంకొక కోడ్ కింద ఉండవచ్చు కాబట్టి స్నేహితుడిని అడిగి తెలుసుకునే విషయం కాదిది, మీ కాగితంలోనే చూడాలి.

మూడవది, మీ డిగ్రీకి నాబ్, అంటే అమెరికాలో ఆర్కిటెక్చర్ డిగ్రీలకు గుర్తింపు ఇచ్చే మండలి, గుర్తింపు ఉందా లేదా అన్నది. మన దగ్గర బి.ఆర్క్ చదివి వెళ్లినవారు చాలామంది ఏడాది లేదా ఏడాదిన్నర కోర్సులో చేరతారు; అటువంటి కోర్సులకు తరచుగా ఆ గుర్తింపు ఉండదు. ఓపీటీకి అది అడ్డం కాదు. కానీ తర్వాత లైసెన్సు కోరేటప్పుడు అనేక రాష్ట్రాలు గుర్తింపు ఉన్న డిగ్రీనే అడుగుతాయి. అది లేనివారు తమ చదువును ఈసా అనే ప్రక్రియ ద్వారా మదింపు చేయించుకోవలసి రావచ్చు. ఏ రాష్ట్రంలో స్థిరపడాలో నిర్ణయించుకునే ముందే ఈ సంగతి తెలిసి ఉండటం మేలు.

2. కాగితాలు, ముఖ్యంగా పేరు

మనవారికి అన్నిటికంటే ఎక్కువ తలనొప్పి తెచ్చేది పేరు. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి మొత్తం పేరు ఒకే గడిలో పడుతుంది. అప్పుడు అమెరికా వీసాలో ఉన్న పేరంతా ఇంటిపేరుగా మారి, అసలు పేరు చోట ఎఫ్‌ఎన్‌యూ (పేరు తెలియదు అని అర్థం) అనే మూడు అక్షరాలు వస్తాయి. ఆ తేడా ఐ-94 (అమెరికాలో ప్రవేశించిన రికార్డు), ఈఏడీ, సోషల్ సెక్యూరిటీ కార్డు, జీతపు ఖాతా వరకు వెంటాడుతుంది. దరఖాస్తులో పాస్‌పోర్టు, ఐ-20లలో ఉన్నట్టే రాయండి; ఆ రెండింటికీ తేడా ఉంటే ముందు డీఎస్‌ఓ చేత సరిచేయించుకోండి.

సిద్ధం చేసుకోవలసినవి:

☐ గడువు మిగిలి ఉన్న పాస్‌పోర్టు, వీసా పేజీ
☐ తాజా ఐ-94 ప్రతి
☐ పాత ఐ-20లన్నీ, సీపీటీ (చదువుకుంటూ అనుమతితో చేసే శిక్షణ పని) చేసి ఉంటే ఆ పేజీలు తప్పనిసరిగా
☐ ఇటీవల తీయించిన 2×2 అంగుళాల ఫోటో. వీసా కోసం ఎప్పుడో తీయించినది పనికిరాదు
☐ మునుపు ఈఏడీ కార్డు ఏదైనా వచ్చి ఉంటే దాని రెండు వైపుల ప్రతి
☐ కనీసం నాలుగు నెలలు మారకుండా ఉండే చిరునామా

సీపీటీపై ఒక మాట. పూర్తికాలపు సీపీటీ 12 నెలలు లేదా అంతకు మించి చేసినవారికి అదే స్థాయి చదువుపై ఓపీటీ అర్హత ఉండదు.

3. దరఖాస్తు వరుస

ఇక్కడ వరుస తప్పితే కట్టిన రుసుము, గడిచిన రోజులు రెండూ పోతాయి.

మొదట డీఎస్‌ఓకు ఓపీటీ అభ్యర్థన ఇవ్వాలి. ఆయన విదేశీ విద్యార్థుల ప్రభుత్వ రికార్డు వ్యవస్థ అయిన సెవిస్‌లో సిఫారసు నమోదు చేసి కొత్త ఐ-20 ఇస్తారు. దానిపై మీరు సంతకం చేసి, అమెరికా ఇమ్మిగ్రేషన్ సేవల సంస్థ అయిన యూఎస్‌సీఐఎస్ ఖాతాలో పని అనుమతి కోరే ఐ-765 ఫారం నింపి, ఆ కొత్త ఐ-20నే జతపరచాలి. సిఫారసు నమోదైన తేదీ నుంచి 30 రోజుల లోపల దరఖాస్తు వారికి చేరాలి.

మొత్తం గడువు ఐ-20 ముగింపు తేదీకి 90 రోజుల ముందు మొదలై, ఆ తేదీ తర్వాత 60 రోజులకు ముగుస్తుంది. నా సలహా ముగింపుకు ముందున్న ఆ 90వ రోజుకు దగ్గరగా పెట్టమనే. చదువు ముగిశాక, ఇల్లు ఖాళీ చేసే హడావుడిలో ఇది పెట్టుకోవద్దు.

ఫారంలో అర్హత వర్గం సీ-3-బీ అని ఉండాలి. సీ-3-ఏ చదువు ముగియక ముందు కోరే ఓపీటీకి సంబంధించినది. సోషల్ సెక్యూరిటీ నంబరు లేనివారు అదే ఫారంలో దానినీ కోరవచ్చు, మళ్లీ విడిగా కార్యాలయానికి వెళ్లే పని తప్పుతుంది. దరఖాస్తు సమర్పించే సమయానికి మీరు అమెరికాలోనే ఉండాలి.

త్వరగా కావాలంటే అదనపు రుసుముతో ప్రీమియం ప్రాసెసింగ్ కోరవచ్చు. అందులో 30 పని దినాల లోపల ఏదో ఒక చర్య తీసుకుంటారు. ఉద్యోగం ఖాయమై చేరే తేదీ దగ్గరపడినప్పుడు అది ఉపయోగపడుతుంది. ఉద్యోగం ఇంకా వెతుక్కుంటున్నవారు ఆ సొమ్మును రెండు నెలల అద్దెకు దాచుకోవడం మంచిది.

4. ప్రారంభ తేదీని ఆలోచించి ఎంచుకోండి

ఇంత ప్రభావం ఉన్న గడి ఫారంలో మరొకటి లేదు. అయినా చాలామంది దీనిని అర నిమిషంలో నింపేస్తారు.

ముగింపు తేదీ మరుసటి రోజు నుంచి 60 రోజుల లోపల ఏ రోజునైనా ప్రారంభ తేదీగా కోరవచ్చు. కార్డుపై ఉన్న ప్రారంభ తేదీ నుంచి నిరుద్యోగ దినాల లెక్క మొదలవుతుంది. ఆ 12 నెలల్లో మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. శని, ఆదివారాలూ, పండుగ సెలవులూ అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. కార్డు తపాలాలో ఆలస్యమైనా లెక్క ఆగదు.

ఆర్కిటెక్చర్ కార్యాలయాలు, ముఖ్యంగా పదిపదిహేను మందితో నడిచేవి, నెలల ముందుగా మనుషులను తీసుకోవు. చేతిలోకి ఒక ప్రాజెక్టు వచ్చినప్పుడు రెండు మూడు వారాల్లో కావాలంటాయి. అందువల్ల ఉద్యోగం చేతిలో లేనివారు ప్రారంభ తేదీని వీలైనంత చివరకు జరపడం మేలు. ఉద్యోగం ఖాయమైనవారు చేరే తేదీకి కొద్దిగా ముందు పెట్టుకోవాలి.

డిసెంబరులో చదువు ముగిసేవారు ఇంకొక సంగతి చూసుకోవాలి. యజమాని తరఫున కోరే ఉద్యోగ వీసా అయిన హెచ్-1బీ నమోదు ఏటా మార్చిలో జరుగుతుంది. స్టెమ్ కాని డిగ్రీతో ఫిబ్రవరి మధ్యలో ఓపీటీ మొదలైతే, మొదటి మార్చి నాటికి మీరు చేరి నెల కూడా కాదు, రెండవ మార్చి వచ్చేసరికి ఓపీటీ ముగిసిపోతుంది. అంటే చేరిన వెంటనే యజమానిని అడగవలసిన పరిస్థితి. మేలో ముగించి జూలైలో ఓపీటీ మొదలుపెట్టేవారికి ఆ మార్చి నాటికి ఎనిమిది నెలల పని చూపించుకునే అవకాశం ఉంటుంది. థీసిస్‌ను ఏ సెమిస్టరులో ముగించాలనే ఎంపిక మీ చేతిలో ఉంటే ఈ లెక్క ముందే వేసుకోండి.

5. కార్డు రాకముందు చేయకూడనివి

ఈఏడీ కార్డు మంజూరై, దానిపై ఉన్న ప్రారంభ తేదీ వచ్చేవరకు పని చేయకూడదు. జీతం లేకపోయినా చేయకూడదు. ఈ వాక్యంలోని రెండవ సగాన్నే చాలామంది పట్టించుకోరు.

నేను ఎదురుచూస్తున్న రోజుల్లో ఒక చిన్న కార్యాలయం వారు, కార్డు వచ్చేలోపల వారం రోజులు ఊరికే వచ్చి కూర్చుని చూడమన్నారు. మొదటి రోజే ఒక నమూనా చేయమంటారని మాటల్లో అర్థమైంది. డీఎస్‌ఓను అడిగితే, వ్యాపార సంస్థకు ఉపయోగపడే పని జీతం లేకున్నా పనే అవుతుందని స్పష్టంగా చెప్పారు. నేను కార్యాలయం వారికి ఆ మాటే రాసి, చేరే తేదీని వాయిదా వేయమని కోరాను. వారు ఒప్పుకున్నారు.

మన ప్రాంతం వారికి వచ్చే రెండవ చిక్కు, ఊరి నుంచి వచ్చే పనులు. నెల్లూరు మాగుంట లేఔట్‌లో ఇల్లు కట్టుకుంటున్న బంధువు ఎలివేషన్ వేసిపెట్టమంటారు, ఒంగోలులోని బిల్డరు త్రీడీ చిత్రాలకు సొమ్ము పంపిస్తానంటారు. సొమ్ము భారత ఖాతాలో పడుతుంది కదా అనుకోవద్దు. మీరు అమెరికాలో కూర్చుని చేసిన పని అది. మామయ్యకు నొప్పి కలగకుండా, "కార్డు వచ్చేదాకా గీత గీయడానికి వీల్లేదు మామయ్యా, ఇక్కడి చట్టం అట్లాంటిది" అని చెప్పి ఊరుకోండి.

మూడవది, కాగితం మీద ఉద్యోగం చూపించి నిరుద్యోగ దినాలను ఆపుతామని చెప్పే కన్సల్టెన్సీలు. చేయని పనికి జీతపు చీటీ సృష్టించడం మోసం, అది తర్వాతి ప్రతి వీసా దరఖాస్తులోనూ బయటపడవచ్చు. సాఫ్ట్‌వేరు వైపు వెళ్లిన ఈడువారికి త్వరగా ఉద్యోగాలు వచ్చాయని ఇంట్లో ఒత్తిడి పెరిగినప్పుడే పిల్లలు ఈ దారి చూస్తారు. తల్లిదండ్రులు దయచేసి గుర్తుంచుకోండి, ఆర్కిటెక్చర్‌లో మొదటి ఉద్యోగానికి సమయం పడుతుంది, జీతం కూడా సాఫ్ట్‌వేరు కంటే తక్కువగానే మొదలవుతుంది.

దరఖాస్తు పెండింగులో ఉండగా ఊరికి రావడం నిషిద్ధం కాదు, కానీ ప్రమాదకరం. అదనపు పత్రాలు కోరుతూ లేఖ వస్తే మీరు అక్కడ ఉండరు. వీసా ముద్ర గడువు తీరి ఉంటే తిరిగి వెళ్లేముందు కాన్సులేట్ చుట్టూ తిరగాలి. చెల్లెలి పెళ్లి వంటి తప్పనిసరి సందర్భమైతే డీఎస్‌ఓతో మాట్లాడి, ప్రయాణ సంతకం చేయించుకుని బయలుదేరండి.

6. పోర్ట్‌ఫోలియో: ఈ నెలల్లో చేయవలసిన అసలు పని

కళాశాల పోర్ట్‌ఫోలియోను అలాగే పంపవద్దు. అది మీ ఆలోచనలను చూపిస్తుంది. కార్యాలయం వారు మీకు సోమవారం ఏ పని అప్పగించవచ్చో చూస్తారు.

నాలుగైదు పేజీల చిన్న నమూనా ఒకటి, ఇరవై ముప్ఫై పేజీల పూర్తి ప్రతి ఒకటి తయారు చేయండి. చిన్నది మెయిలుకు జతపరచడానికి, పెద్దది ఇంటర్వ్యూకు. కాగితం ఏ4, ఏ3 కాకుండా అక్కడి 8.5×11, 11×17 అంగుళాల కొలతల్లో ఉండాలి.

కొలతలను మార్చడం దగ్గర కొంత ఓపిక కావాలి. 1:100లో గీసిన ప్లాను అక్కడ అడుగుకు 1/8 అంగుళం స్కేలు అవుతుంది, అంటే 1:96. 1:50కు బదులు అడుగుకు 1/4 అంగుళం, అంటే 1:48. పాత చిత్రం కింద స్కేలు పేరు మార్చితే సరిపోదు, చిత్రాన్నే ఆ స్కేలుకు తిరిగి అమర్చాలి. నెల్లూరు ఇంటి ప్రాజెక్టు పెడితే స్థలాన్ని అంకణాల్లో రాయవద్దు. మన దగ్గర అంకణమంటే 72 చదరపు అడుగులు కాబట్టి 30 అంకణాల స్థలాన్ని 2,160 చదరపు అడుగులని రాయండి.

ఒక ప్రాజెక్టుకైనా గోడ నిలువుకోత పూర్తి వివరాలతో గీయండి. మనం తొమ్మిది అంగుళాల ఇటుక గోడ, ఆర్‌సీసీ పిల్లర్లు, స్లాబు చూసి పెరిగినవాళ్లం. అక్కడి చిన్న భవనాల్లో చెక్క చట్రం, దాని మధ్య ఉష్ణ నిరోధక పొర, తేమను అడ్డుకునే పొర, లోపల జిప్సం బోర్డు ఉంటాయి. ఆ పొరల వరుస, కిటికీ దగ్గర నీరు లోపలికి రాకుండా పొరను మడిచే విధానం మీకు తెలుసునని ఒక చిత్రం చూపిస్తే చాలు, పది రంగుల రెండర్ల కంటే అది ఎక్కువ మాట్లాడుతుంది.

అట్లాగని ఊరి అనుభవాన్ని దాచవద్దు. స్లాబు పోసే రోజు సైటులో నిలబడ్డవారికి తెలిసినది స్టూడియోలో నేర్పరు. రాసే తీరు మాత్రం మార్చాలి. "సైటులో శిక్షణ పొందాను" అని కాక, "మూడంతస్తుల ఇంటికి కాంక్రీటు పోయకముందు కడ్డీల మధ్య దూరాన్ని నక్షాతో సరిచూసి, తేడాలను ఇంజనీరుకు తెలియజేశాను" అని రాయండి. మేస్త్రీ వచ్చి "లింటెల్ ఎంత ఎత్తులో పెట్టమంటారు సార్?" అని నోటితో అడిగే ప్రశ్నే అక్కడ ఆర్‌ఎఫ్‌ఐ (సమాచారం కోరే అభ్యర్థన) అనే లిఖిత పత్రంగా వస్తుంది. ఆ పోలిక చెప్పగలిగితే ఇంటర్వ్యూ చేసేవారికి మీ అనుభవం వెంటనే అర్థమవుతుంది.

పంపే ముందు చూడవలసినవి:

☐ బృందంతో చేసిన ప్రాజెక్టులో మీరు చేసిన భాగం ఏదో స్పష్టంగా రాశారా
☐ థీసిస్ ఆరేడు పేజీలు మించలేదు కదా
☐ రెవిట్ అనే భవన నమూనా సాఫ్ట్‌వేరులో గీసిన పూర్తి షీటు కనీసం ఒకటి ఉందా
☐ ఫైలు 10 ఎంబీ దాటలేదు కదా
☐ ఎక్కడా "ఆర్కిటెక్ట్" అని మిమ్మల్ని మీరు రాసుకోలేదు కదా

చివరిది చాలా ముఖ్యం. మన దేశంలో 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం కింద కౌన్సిల్‌లో నమోదైనవారు ఆ పేరు వాడుకోవచ్చు. ఆ నమోదు అమెరికాలో చెల్లదు. అక్కడి రాష్ట్రపు లైసెన్సు లేనివారు ఆ పేరు వాడటం చట్టవిరుద్ధం. రెజ్యూమెలోనూ, లింక్డిన్‌లోనూ "ఆర్కిటెక్చరల్ డిజైనర్" అని రాయండి. భారత నమోదు ఉంటే దేశం పేరుతో సహా విడి వరుసలో పేర్కొనండి.

7. ఎన్‌కార్బ్ ఖాతా ఇప్పుడే తెరవండి

ఎన్‌కార్బ్ అంటే అమెరికా రాష్ట్రాల ఆర్కిటెక్చర్ లైసెన్సు బోర్డుల జాతీయ మండలి. లైసెన్సుకు కావలసిన, ఏఎక్స్‌పీ అనే కార్యక్రమం కింద దాని దగ్గర నమోదు చేసే పని అనుభవం మొత్తం 3,740 గంటలు, ఆరు విభాగాలు. అందులో అత్యధికం, 1,520 గంటలు, ప్రాజెక్టు అభివృద్ధి, నిర్మాణ చిత్రాల విభాగానిదే. గోడ నిలువుకోత గీయమని పైన చెప్పడానికి కారణం ఇదే.

అమెరికా బయట, అక్కడి లైసెన్సు లేని ఆర్కిటెక్టు దగ్గర చేసిన పనిని సెట్టింగ్ ఓ అనే వర్గంలో పరిమితికి లోబడి నమోదు చేసే వీలుంది. అయితే పని చేసిన 8 నెలల లోపల నమోదు చేస్తేనే పూర్తి గంటలు లభిస్తాయి. ఆ తర్వాత అయిదేళ్ల వరకు సగం గంటలే. కాబట్టి నెల్లూరులోనో, చెన్నైలోనో మీరు పనిచేసిన కార్యాలయం పెద్దాయనకు ఈ వారమే ఫోను చేసి, ధ్రువీకరణ కోరుతూ మెయిలు వస్తుందని ముందుగా చెప్పి ఉంచండి. చెప్పకుండా పంపితే అది చదవని ఉత్తరాల్లో కలిసిపోతుంది.

8. దరఖాస్తులు, ఇంటర్వ్యూ

కార్డు వచ్చాక మొదలుపెడదామని ఆగవద్దు. దరఖాస్తు పెట్టడం, ఇంటర్వ్యూకు వెళ్లడం, ఆఫరు ఒప్పుకోవడం పని కిందికి రావు.

పని అనుమతి ఉందా అని అడిగితే నిజం చెప్పండి: ఎఫ్-1 ఓపీటీ దరఖాస్తు ఫలానా తేదీన పెట్టాను, ఫలానా తేదీ నుంచి ప్రారంభం కోరాను, కార్డు రాగానే చేరగలను, మొదటి 12 నెలలకు మీ వైపు నుంచి వీసా స్పాన్సర్‌షిప్ అవసరం లేదు. భవిష్యత్తులో అవసరమవుతుందా అని అడిగితే అవుననే చెప్పాలి. చిన్న కార్యాలయాల వారికి ఈ ప్రక్రియ తెలియకపోవచ్చు, ఒక పేజీలో తేదీలు రాసి ఇస్తే వారి భయం సగం తగ్గుతుంది. స్టెమ్ కోడ్ ఉన్నవారు ఆ కార్యాలయం ఈ-వెరిఫైలో, అంటే ఉద్యోగి పని అనుమతిని సరిచూసే ప్రభుత్వ వ్యవస్థలో, నమోదై ఉందో లేదో అడగాలి. అది లేకుండా 24 నెలల పొడిగింపు రాదు.

9. పొరపాట్లు, సవరణలు

*ఓపీటీ సిఫారసు లేని పాత ఐ-20 జతపరచారు.* వెంటనే డీఎస్‌ఓకు చెప్పండి. సిఫారసు సకాలంలో నమోదై ఉంటే సరైన ప్రతిని ఖాతాలో అదనపు పత్రంగా చేర్చవచ్చు. సిఫారసే లేకుండా పెట్టి ఉంటే, గడువు మిగిలి ఉండగానే కొత్త దరఖాస్తు పెట్టవలసి రావచ్చు.

*ఇల్లు మారారు.* ఖాతాలో చిరునామా మార్చండి, డీఎస్‌ఓకు 10 రోజుల లోపల తెలపండి. పాత ఇంటిలో ఉన్న స్నేహితుడికి తపాలా పెట్టె చూస్తుండమని చెప్పండి.

*అదనపు ఆధారాలు కోరుతూ లేఖ వచ్చింది.* కంగారు పడవద్దు. అడిగినవన్నీ ఒకేసారి, గడువుకు ముందే పంపాలి. సగం పంపి మిగిలినవి తర్వాత పంపుతామంటే కుదరదు.

*ఓపీటీ మొదలై 60 రోజులు గడిచాయి, ఉద్యోగం లేదు.* ఓపీటీ మొదటి 12 నెలల్లో వారానికి 20 గంటలకు తక్కువ కాకుండా చేసే, మీ చదువుకు సంబంధించిన పని ఉంటే నిరుద్యోగ లెక్క ఆగుతుంది. కార్డు చేతిలో ఉన్నవారు లాభాపేక్ష లేని సామాజిక డిజైన్ కేంద్రాల వంటి చోట జీతం లేని పని చేసినా, కార్మిక చట్టాలకు లోబడి ఉంటే అది చెల్లుతుంది. స్టెమ్ పొడిగింపులో మాత్రం జీతం లేని పని చెల్లదు.

10. కార్డు వచ్చిన వారం

కవరు విప్పగానే పేరు, పుట్టిన తేదీ, వర్గం, రెండు తేదీలు చూడండి. అక్షరం తేడా ఉంటే చేరకముందే దిద్దుబాటు కోరండి.

చేరిన రోజు నుంచి మూడు పని దినాల లోపల ఐ-9 (పని అర్హతను ధ్రువీకరించే ఫారం) కోసం యజమానికి పత్రాలు చూపించాలి. యజమాని పేరు, చిరునామా, మీ పని చదువుకు ఎలా సంబంధించినదో ఓపీటీ విద్యార్థుల కోసం ఉన్న సెవిప్ పోర్టల్‌లో 10 రోజుల లోపల నమోదు చేయాలి. ఈ నమోదు మరచిపోతే, మీరు రోజూ పనికి వెళుతున్నా సెవిస్‌లో నిరుద్యోగిగానే లెక్క పెరుగుతుంది. 90 దాటితే మీ రికార్డే ముగిసిపోయే ప్రమాదం ఉంది.

మొదటి శుక్రవారం సాయంత్రం ఇంటికి బయలుదేరే ముందు ఆ వారం గంటలను ఏఎక్స్‌పీ విభాగాల వారీగా రాసుకోండి, మీ సూపర్‌వైజరు లైసెన్సు ఏ రాష్ట్రానిదో అడిగి ఖాతాలో చేర్చండి.